దుస్తుల సందేహాలు: లంగా, పరికిణీ, పొడవు స్కర్టు

ఈ విడత ఉత్తరాల్లో సగం పైగా ఒకే విషయం మీద వచ్చాయి. నిండుగా ఉండే స్కర్టు కావాలి, కానీ కూర్చుంటే పైకి లేవకూడదు, బండి ఎక్కితే చిక్కుకోకూడదు, ఎండలో నిలబడితే లోపలిది కనబడకూడదు. అందరూ పొడవు ఎంత ఉండాలని అడిగారు. మా జవాబుల్లో పొడవు కన్నా కింది చుట్టుకొలత, లైనింగ్, నడుము పట్టీ గురించే ఎక్కువ ఉంటుంది.

ఆఫీసుకి వేసుకోవాలని పొడవు స్కర్టు కొన్నాను. నిలబడితే బాగుంటుంది. కూర్చుంటే బిగుసుకుని పైకి లేస్తుంది, నాలుగడుగులు వేస్తే పక్కకి తిరిగిపోతుంది. నడుము 34, తుంటి 42, పొడవు 38 అంగుళాలు. కుట్టించుకుంటే ఎలా చెప్పాలి?
ఉద్యోగిని, హైదరాబాద్

మీరు కొన్నది తిన్నని కోత అయ్యుంటుంది. కూర్చున్నప్పుడు తుంటి రెండు మూడు అంగుళాలు పరుచుకుంటుంది. గుడ్డకి అక్కడ చోటు లేకపోతే సన్నగా ఉన్న నడుము వైపు జరుగుతుంది. పైకి లేవడానికి కారణం అదే. అందుకే తుంటి కొలత నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఇంకోసారి తీయించండి. కూర్చున్న కొలతకి కనీసం రెండంగుళాలు కలపాలి.

మీ కొలతలకి ఎనిమిది కలీల స్కర్టు సరిపోతుంది. కలీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కత్తిరించే నిలువు ముక్క. కుచ్చులు పెడితే తుంటి దగ్గర ఉబ్బుతుంది, కలీలైతే నడుము దగ్గర చదునుగా పడి కింద విచ్చుకుంటాయి. లెక్క ఇలా వేసుకోండి. 34ని 8తో భాగిస్తే నాలుగుంపావు, కుట్టుకి ఒక అంగుళం కలిపితే ప్రతి కలీ పైన ఐదుంపావు. కింద 13 కత్తిరిస్తే కుట్టు పోను 12 మిగులుతుంది, చుట్టూ 96 అంగుళాలు వస్తుంది. నడుముకి ఎనిమిదంగుళాల కింద ఈ కోత సుమారు 47 అంగుళాలు తూగుతుంది. మీ తుంటి 42 కనుక కూర్చున్నా ఇబ్బంది ఉండదు.

గుడ్డ ఎంత కొనాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో కలీలు ఒకటి తలకిందులుగా, ఒకటి మామూలుగా పెడితే ఒక వరసలో నాలుగు పడతాయి. కింది మడత, పై కుట్టు కలిపి వరస 40 అంగుళాలు, రెండు వరసలకి 80. బెల్టు పట్టీతో కలిపి రెండుంపావు మీటర్లు చాలు. అదే ఏనుగులో, చెట్లో, ఒకే వైపు చూసే పూలో అచ్చు వేసిన గుడ్డైతే కలీలని తలకిందులు చేయలేరు. అప్పుడు వరసకి మూడే పడతాయి, మూడు వరసలు కావాలి, అంటే మూడుంపావు మీటర్లు. రెండుంపావు తెచ్చి ఇస్తే టైలరు ఏం చేస్తాడు? ఆరు కలీలతో సరిపెడతాడు, లేదా సగం ఏనుగులు శీర్షాసనం వేస్తాయి.

పక్కకి తిరిగిపోవడం గుడ్డ పోగు తప్పడం వల్ల. కలీ మధ్యగీత గుడ్డ పొడవు పోగు మీదే రావాలి. గుడ్డ మిగల్చాలని ఒక అంచు తిన్నగా, రెండో అంచు వాలుగా కత్తిరించి జోడిస్తే వాలు అంచు సాగుతుంది, స్కర్టు మెలి తిరుగుతుంది. కలీలన్నీ కుట్టాక ఒక రోజంతా హ్యాంగరుకి వేలాడదీసి, వాలు అంచులు సాగాల్సినంత సాగాక నేల నుంచి స్కేలుతో కొలిచి కింది మడత వేయమనండి. ఆ రోజు ఆగని టైలరు దగ్గర మొదటి ఉతుకుకే పక్కలు కిందికి వేలాడతాయి.

జిప్పు ఎడమ పక్క ఎనిమిదంగుళాలు, కుడి కుట్టులో ఒక జేబు. నూలు లైనింగ్ మోకాలి కింద నాలుగు అంగుళాల దాకా చాలు, కానీ దాని కింది చుట్టు అరవైకి తగ్గకూడదు. పైన 96 ఉండి లోపల 44 ఉంటే అడుగు పడేది లోపలిదాన్ని బట్టే. గుడ్డ విషయానికొస్తే మందపాటి మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్ నూలు ఆఫీసుకి బాగుంటాయి. రేయాన్ మెత్తగా జారుతుంది, నిజమే, కానీ ఒంటికి అంటుకుని ఆకారమంతా చూపిస్తుంది. మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది కూడా. నిండుదనం కోరేవాళ్లకి మేము సిఫారసు చేయం.

కాలేజీకి స్కూటీ మీద వెళ్తాను, తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య బైకు వెనక ఎక్కుతాను. పొడవు స్కర్టు వేసుకోవచ్చా?
డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

వేసుకోవచ్చు, అయితే అంబ్రెల్లా కోత వద్దు. స్కూటీ నడిపేటప్పుడు ప్రమాదం చక్రం దగ్గర కాదు, సిగ్నల్ దగ్గర. ఆగి కాలు కింద పెట్టే క్షణంలో అంచు పాదం కింద పడుతుంది, మళ్లీ కాలు పైకి తీస్తుంటే లాగుతుంది, బండి వాలుతుంది. చీలమండ ఎముకకి రెండంగుళాల పైన ఆగే పొడవు, 80 నుంచి 90 అంగుళాల కింది చుట్టు చాలు. లోపల లెగ్గింగ్ తప్పనిసరి.

బైకు వెనక సంగతి వేరు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని, వెనక కూర్చున్నవాళ్లకి చేతి పట్టు, కాలు పెట్టుకునే చోటు ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమావళి 1989లో 123వ నియమం చెబుతుంది. మనం శారీ గార్డ్ అనేది ఆ చక్రం రక్షణనే. అందం చెడిందని చాలామంది ఊడదీయిస్తారు. మీ అన్నయ్య బండికి ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే ముందు అది బిగించాలి, స్కర్టు తర్వాత.

రెండు వైపులా కాళ్లు వేసి కూర్చునేట్టయితే ఒక చిట్కా. స్కర్టు లోపల ముందు మధ్యన, వెనక మధ్యన, మోకాలి ఎత్తున టిచ్ బటన్ జత కుట్టించండి. బండి ఎక్కే ముందు కాళ్ల మధ్య నుంచి రెండూ కలిపి నొక్కితే స్కర్టు పలాజోలా రెండుగా విడిపోతుంది, గాలికి లేవదు. దిగాక విప్పడం మరిచిపోతే మాత్రం మొదటి మెట్టు దగ్గరే గుర్తొస్తుంది. చున్నీ వేసుకుంటే వెనక ముడి వేసి స్కర్టు పట్టీలో దోపండి. లంగా అంచు కన్నా వేలాడే చున్నీ కొసే ముందు చక్రానికి అందుతుంది.

మా అమ్మాయికి 14 ఏళ్లు. తిరుమల సేవకి పొడవు స్కర్టు, పొడవు చేతుల టాప్ చాలా? ఒళ్లంతా కప్పుతుంది కదా.
ఒక తల్లి, అనంతపురం

కప్పుతుంది, కానీ అక్కడి నియమం కప్పడం గురించి కాదు, సంప్రదాయ దుస్తుల గురించి. ఆర్జిత సేవలకి, ప్రత్యేక దర్శనానికి ఆడవాళ్లకి చీర, లంగావోణీ, చున్నీతో చుడీదార్ అని దేవస్థానం చెబుతుంది. స్కర్టు, టాప్ ఆ జాబితాలో లేవు. లంగా జాకెట్టు మీద ఓణీ వేయించండి, సరిపోతుంది.

పట్టు లంగా కన్నా నారాయణపేట నూలు లంగా మేలు. క్యూ గదుల్లో గంటలు కూర్చోవాలి, మెట్లెక్కాలి, తడి నేల మీద నడవాలి. పొడవు కొలిచేటప్పుడు అమ్మాయిని చెప్పులు లేకుండా నిలబెట్టండి. పెళ్లికని హీల్స్ మీద కొలిచి కుట్టించిన లంగానే గుడికీ వేస్తే, చెప్పులు విడిచిన క్షణం నుంచి రెండంగుళాలు నేలని ఊడుస్తుంది, తడిసిన అంచు కాళ్లకి చుట్టుకుంటుంది. గుడికి వేసే లంగా వట్టి కాళ్ల మీద నేలకి రెండంగుళాల పైన ఉండాలి.

కేరళ వెళ్లేవాళ్లకి ఒక మాట. తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ చీర, లంగావోణీతో పాటు లంగా జాకెట్టునీ ఒప్పుకుంటారు. చుడీదార్‌తో వచ్చినవాళ్లే పైన ముండు (కేరళ పంచె) చుట్టుకుని లోపలికి వెళ్తారు. ఒక గుడికి సర్దిన పెట్టె ఇంకో గుడికి పనికొస్తుందని అనుకోకండి.

అమ్మ పెళ్లి నాటి ధర్మవరం పట్టుచీర ఉంది. దాన్ని మా పన్నెండేళ్ల పాపకి పట్టు లంగాగా కుట్టిద్దామనుకుంటున్నాను. త్వరగా ఎదుగుతోంది, రెండు మూడేళ్లయినా రావాలి. నడుము 26, పొడవు 36.
గృహిణి, ప్రొద్దుటూరు

కత్తెర పెట్టే ముందు చీరని కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న చోట వెలుగు సన్నటి గీతలా కనబడితే పట్టు అక్కడ చచ్చిపోయినట్టే. అనుమానం ఉన్న చోట రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగండి. పోగులు విడితే ఆ భాగం లంగాకి వద్దు. మిగతా చీర గట్టిగా ఉండి, ఒకటి రెండు మడతలే బలహీనంగా ఉంటే ఆ గీత కుచ్చు లోపలికి వెళ్లేలా టైలరుకి సుద్దతో గుర్తు పెట్టి ఇవ్వండి.

పట్టు లంగాలో గుడ్డ అడ్డంగా తిరుగుతుంది. చీర అంచే లంగా అంచవుతుంది, చీర పన్నాయే లంగా పొడవవుతుంది. చీర పన్నా 46 అంగుళాలనుకుందాం, పాపకి కావలసింది 36. ఆ పది అంగుళాలని కోసిపారేస్తే వచ్చే ఏడాదికి లంగా చీలమండలు దాటి పైకి పోతుంది. అంచుకి పైన, లోపలి వైపు మూడు టక్కులు, అంటే మడిచి కుట్టే మడతలు వేయించండి. టక్కు లోతు ఒకటింపావు అంగుళం. లోతుకి రెట్టింపు గుడ్డ మింగుతుంది కాబట్టి ఒక్కో టక్కు రెండున్నర అంగుళాలు దాచుతుంది, మూడూ కలిపి ఏడున్నర. 36కి ఏడున్నర కలిపితే నలభై మూడున్నర. మిగిలిన రెండున్నర నడుము పట్టీ కుట్టు లోపలికి పోతాయి. పాప ఎదిగే కొద్దీ ఏడాదికో టక్కు విప్పుకోవచ్చు.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. టక్కుని మిషను మీద దగ్గర కుట్టుతో బిగిస్తే విప్పినప్పుడు సూది రంధ్రాలు వరసగా చుక్కల్లా మిగులుతాయి. పట్టులో ఆ రంధ్రాలు పూడవు. సన్న సూదితో, పట్టు దారంతో, చేత్తో దూరం దూరం కుట్టించండి. రెండోది ఇస్త్రీ. టక్కు మడత మీద పెట్టె నొక్కితే ఆ గీత మెరుపు పోయి శాశ్వతంగా నిలబడిపోతుంది. మడతని వదిలేసి చుట్టూ మాత్రం, పైన పలచటి నూలు గుడ్డ పరిచి ఇస్త్రీ చేయండి.

వెడల్పుకి మూడు మీటర్లు చాలు, నడుముకి నాలుగున్నర రెట్లు వస్తుంది. పట్టు బిరుసు కాబట్టి సన్న కుచ్చుల కన్నా ఒకే వైపు పడే వెడల్పు మడతలు బాగుంటాయి. మిగిలిన రెండున్నర మీటర్లలో పైట కొంగుతో జాకెట్టు, చేతులకి అంచు వస్తాయి. నడుము పట్టీలో నాడా పెట్టించండి. హుక్కులైతే ఆరు నెలలకోసారి జరపాలి.

లైనింగ్ గుడ్డనీ, అంచు లోపల వేసే ఫాల్‌నీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాకే టైలరుకివ్వండి. నానబెట్టని నూలు తర్వాత కుదించుకుపోతుంది, పట్టు అంతగా కుదించుకోదు. అప్పుడు అంచంతా ముడతలు పడి పైకి ఎగదన్నుతుంది. లైనింగ్ నడుము దగ్గరే కలవాలి, కింద విడిగా వేలాడాలి, లంగా కన్నా ఒక అంగుళం పొట్టిగా ఉండాలి.

పన్నెండేళ్లకి ఓణీ ఇప్పుడే అక్కర్లేదు. వేసే రోజు వస్తే ఇదే పట్టుతో కాకుండా రెండున్నర మీటర్ల జార్జెట్ కొనండి. బరువు ఓణీ భుజం మీద నిలవదు. ఓణీ కట్టినప్పుడు తెరుచుకునేది ఎడమ పక్క నడుము, కాబట్టి భుజం మీద పిన్నుతో పాటు ఓణీ కింది అంచుని ఎడమ నడుము దగ్గర లంగా పట్టీకి లోపలి నుంచి చిన్న పిన్నుతో గుచ్చండి. జార్జెట్ చిరగకుండా పిన్నుకీ ఓణీకీ మధ్య చిన్న గుడ్డ ముక్క పెట్టండి.

ఆదివారం చర్చికి తెల్ల నూలు స్కర్టు వేసుకుంటాను. లోపల తెల్ల లంగా వేసినా కనబడుతోందని అమ్మ అంటుంది. మా చర్చిలో చాపల మీదే కూర్చుంటాం.
నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

మీ అమ్మగారు చెప్పింది సరైనదే. తెలుపు కింద తెలుపు దాగదు, లోపలి లంగా అంచు గీత గీసినట్టు తెలుస్తుంది. మీ చర్మం రంగుకి దగ్గరగా ఉండే గోధుమ రంగో లేత చామన రంగో లైనింగ్ వేస్తే తెల్ల స్కర్టు కింద ఏమీ తెలియదు. అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఇది బయటపడదు, వెలుగు ముందు నుంచి పడుతుంది కదా. వాకిట్లో ఎండ మీ వెనక నుంచి పడేలా గుమ్మంలో నిలబడి, కాళ్లు కాస్త ఎడం చేసి, లోపలి నుంచి ఎవరినైనా చూడమనండి. కొనేటప్పుడైతే ఒక పొర గుడ్డ కింద అరచెయ్యి పెట్టి వెలుగులో చూడండి. వేళ్లు విడివిడిగా లెక్కపెట్టగలిగితే లైనింగ్ లేకుండా వద్దు.

చాప మీద కూర్చోవడానికి చీలమండల దాకా పొడవు, కనీసం 90 అంగుళాల కింది చుట్టు కావాలి. చీలిక ఉన్న స్కర్టు వద్దే వద్దు. చిక్కంతా మోకాళ్లూని లేచేటప్పుడు వస్తుంది. మోకాలు ముందు గుడ్డ మీద ఉంటుంది, ఒళ్లు పైకి లేస్తుంది, వట్టి ఎలాస్టిక్ నడుమైతే స్కర్టు కిందికి దిగిపోతుంది. నమాజులో సజ్దా (నుదురు నేలకి ఆనించడం) నుంచి లేచేవాళ్లకీ ఇదే ఇబ్బంది. ఎలాస్టిక్ ఉంచుకోండి, దాని గొట్టంలోనే నాడా కూడా ఎక్కించి ముందు వైపు ముడి వచ్చేలా చేయించండి. లేచే ముందు మోకాళ్ల కింది గుడ్డని రెండు చేతులా కొద్దిగా ముందుకి లాగితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

న్యూజెర్సీలో ఉంటున్నాను. చలికాలం పొడవు స్కర్టు కాళ్లకి అతుక్కుపోయి చిటపటలాడుతుంది. ఇండియాలో ఇదే స్కర్టు ఎప్పుడూ అలా చేయలేదు.

గుడ్డ మారలేదు, గాలి మారింది. హీటరు వేసిన ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది. పాలిస్టర్ స్కర్టు, నైలాన్ టైట్స్ రాసుకుంటే పుట్టిన స్థిర విద్యుత్తు పోయే దారి ఉండదు. మన దగ్గర గాలిలో తేమ దాన్ని లాగేస్తుంది. రెండింటి మధ్య నూలు లోలంగా వేయండి, లేదా లైనింగే నూలుది వేయించండి. బయల్దేరే ముందు కాళ్లకి క్రీమ్ రాసుకుని, ఇనుప తీగ హ్యాంగరుని స్కర్టు లోపలి వైపు పైనుంచి కిందికి ఒకసారి జరిపితే కొన్ని గంటలు నెమ్మదిస్తుంది. డ్రయ్యర్‌లో ఎండబెట్టడం మానేయండి.

మంచు కురిసే రోజుల్లో అంచు నేలకి నాలుగంగుళాల పైన ఉండాలి, కింద బూట్లు. రోడ్ల మీద చల్లిన ఉప్పు అంచుకి తెల్లటి చారలు కడుతుంది. నూలుదైతే గోరువెచ్చని నీళ్లలో కాస్త తెల్ల వెనిగర్ కలిపి అద్ది తుడిస్తే పోతాయి. రంగు నిలుస్తుందో లేదో ముందు లోపలి మడత మీద చూసుకోండి.

ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. పొడవు స్కర్టు వేస్తే ఇంకా పొట్టిగా కనబడతాను.
టీచరు, రాజమహేంద్రవరం

స్కర్టు వల్ల కాదు, పైన వేసే టాప్ వల్ల. తుంటి మధ్యలో ఆగే టాప్ మిమ్మల్ని సరిగ్గా సగానికి కోస్తుంది. టాప్ నడుముకి రెండంగుళాల కిందే ఆగాలి, లేదా చొక్కాని లోపలికి దోపండి. అంచు రెండు మూడంగుళాలు మించకూడదు. ఎనిమిదంగుళాల గద్వాల అంచు మీ లంగాలో నాలుగో వంతు తినేస్తుంది. అంతస్తులుగా కుట్టిన స్కర్టు కూడా వద్దు. కలీల నిలువు కుట్లు మీకు మంచివి.

45 ఏళ్లు. స్కర్టు వేసుకోవాలని ఉంది. మా ఆడపడుచు "ఈ వయసులో లంగానా" అంటుంది.
ఒక పాఠకురాలు, కరీంనగర్

ఆవిడకి ముదురు రంగు ఇక్కత్ కలీ స్కర్టు మీద మోకాళ్లు దాటే కుర్తా వేసి చూపించండి. కుర్తాకి రెండు పక్కలా నడుము దగ్గర్నుంచే చీలికలు ఉండాలి, కింద స్కర్టు కదలాలంటే అదే దారి. చీలిక తుంటి కింద మొదలైతే స్కర్టు గుడ్డంతా అక్కడే పోగై పక్కలకి ఉబ్బుతుంది. కుర్తా కింద స్కర్టు పది పన్నెండు అంగుళాలు కనబడితే చాలు. కుచ్చుల స్కర్టు మీద పొడవు కుర్తా మాత్రం వేయకండి, అప్పుడు మీ ఆడపడుచు గారు అన్నది నిజమే అనిపిస్తుంది.